నలుగురు మోసిన కూరచట్లు

నా పుణ్యాన ఒకరోజు కడపలో ఒక వీధి వీధంతా పట్టపగలు తలస్నానాలు చేసింది. పండగ కాదు. గ్రహణం అంతకన్నా కాదు. నేనెవరినీ చంపలేదు, ఎవరింట్లోనూ దొంగతనం చేయలేదు. కూర వండుకునే మట్టిచట్లు దారిలో పగలకుండా మూటకట్టి తీసుకుపోయాను, అంతే. ఆ మూట ఎట్లా కట్టానో, దానివల్ల ఏమేం కూలిపోయాయో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఇట్లా కూర్చుని రాయడం నాకిదే మొదలు. చదివింది ఐదో తరగతి. అక్షరాలు ఎక్కడన్నా వంకర పోతే సర్దుకుని చదవండి. నేను చేసిన తప్పు ముందు ఇవొక లెక్కలోవి కావు.

మాది ఓర్వకల్లు దగ్గర, రాళ్ళగుట్టల పక్కనున్న పల్లె. మా ఆయన ఈరన్న కుండలు చేస్తాడు. ఆయన చెయ్యి పడితే మట్టి పిల్లిపిల్ల మాదిరి ఒదిగి కూర్చుంటుంది. కానీ ఎవరింట్లో చూసినా స్టీలు, అల్యూమినియమే. కొనేవాళ్ళు లేక ఈరన్న బెంగళూరుకు కూలికి పోతానని సంచి సర్దుకున్నాడు. అంతకుముందు అట్లాగే పోయిన మా పక్కింటాయన కట్టే బిల్డింగు మీద నుంచి పడ్డాడు. ఇప్పుడు మంచంలో పడుకుని ఇంటి పైకప్పు చూస్తూ ఉంటాడు. నేను ఈరన్న సంచి చూసినప్పుడల్లా నాకు ఆ పైకప్పే కనిపించేది.

సరిగ్గా అప్పుడు దేవతలాగా సరోజమ్మ వచ్చింది. కడపలో హోటలు పెట్టబోతున్న మనిషి. మట్టిచట్లలో నాటుకోడి, సంగటి వండి పెట్టాలని ఆమె ఆలోచన. రోడ్డు పక్కన మా చట్లు చూసి, కారు ఆపి, ఒక చట్టిని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూసింది. గంట మాదిరి మోగింది. నా నెంబరు తీసుకుని పోయింది. వారం తిరక్కుండానే ఫోను చేసింది.

"నాగమ్మా, మొదటి విడత పంపించు. ఒక్క చట్టి పగలకుండా వస్తే నెలనెలా నీ కాడనే తీసుకుంటా. కానీ ఒక మాట. నా హోటలు బోర్డు మీదనే రాపిచ్చినా, ప్లాస్టిక్ లేని వంటిల్లు అని. నువ్వు ప్లాస్టిక్ చుట్టి పంపిస్తే నా మొగం యాడ పెట్టుకోవాల?"

"మరి దేంట్లో పెట్టి పంపాలక్కా?"

"థర్మాకోలు వద్దు. బుడగల షీటు వద్దు. టేపు గూడా వద్దు. మట్టిలో కలిసిపొయ్యేది ఏదన్నా పెట్టు."

ఈరన్న పక్కన నిలబడి వింటున్నాడు. ఫోను పెట్టేయగానే సంచి తీసి అటక మీదికి విసిరేశాడు.

"నెలనెలా తీసుకుంటే నేను బెంగళూరు యాంటికి పోతానే? ఈడనే కుమ్మరి సారె తిప్పుకుంటా. కానీ చట్లు పగిలినాయనుకో, ఆ సంచి మల్లా కిందికి దిగుతాది. చూసుకో మల్ల."

చూసుకునే బాధ్యత నాది. ఎందుకంటే ఆయనకు చట్లు చేయడం తెలుసు, పంపడం తెలీదు. నాకు రెండూ తెలీవు. కానీ తెలీదని తెలీదు.

ఇక మొదలుపెట్టాను. మొదట బూడిదలో పెట్టి చూశాను. గంప ఎత్తేసరికి బూడిదంతా కారి, ఇంటిల్లిపాదీ బైరాగుల్లాగా తయారయ్యాము. తర్వాత శెనక్కాయ పొట్టు. అది బాగానే ఉంది గానీ, అందులో మిగిలిన రెండు గింజల కోసం తెల్లారేసరికి ఎలుకలు పెళ్ళివారి మాదిరి దిగాయి. వరిగడ్డి అడుగున మెత్తగా ఉంది గానీ, చట్టికీ చట్టికీ మధ్య సందుల్లో నిలవలేదు. ప్రతిసారీ అరుగు మీద నుంచి కిందికి తోసి చూసేదాన్ని. ప్రతిసారీ లోపల ‘టప్’ మనేది.

"నువ్వు చూసేదానికే అన్నీ పగలగొడితే ఇంక పంపేదానికి ఏముంటాదే?" అన్నాడు ఈరన్న.

"పగలకుండా ఎట్లా పంపాల్నో తెలియాలంటే పగలగొట్టి చూడాల గదయ్యా!"

"పక్కింట్లో ఎవరన్నా వింటే నన్ను గూడా అరుగు మీద నుంచి తోసి చూసినావనుకుంటారు."

అప్పుడే సరోజమ్మ ఫోనులో ఒక బొమ్మ పంపింది. పెట్టెలో వస్తువు చుట్టూ పోసే తెల్లటి తేలికపాటి ముక్కలు. ‘ఇట్లాంటివి వాడొద్దు, ఇవి వెయ్యేండ్లయినా మట్టిలో కలవవంట’ అని కింద రాసింది. నేను ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. అచ్చం బొరుగుల మాదిరి, అదే మరమరాల మాదిరి ఉన్నాయి. బొరుగుల మాదిరి ఉండే విషం ఎందుకు, బొరుగులే పోస్తే పోలా! ఆ క్షణాన నా తెలివికి నేనే దిష్టి తీసుకోవాలనిపించింది.

మా సీమలో బొరుగులకు కరువు లేదు. పొద్దున్నే ఉగ్గాని చేసుకునేవి అవే కదా. బస్తా తెప్పించి, చట్టి చుట్టూ పోసి, అరుగు మీద నుంచి తోశాను. చప్పుడే లేదు. విప్పి చూస్తే చట్టి చెక్కుచెదరలేదు. ఈరన్న ఒక పిడికెడు నోట్లో వేసుకుని, "పొట్లం విప్పి పొట్లాన్నే తినొచ్చు. నీ బుర్రే బుర్ర!" అన్నాడు. మా పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పే నా కొంప ముంచింది.

బొరుగులు మా దగ్గర ఇంకెప్పుడు, ఎక్కడ చల్లుతారో మీకు గుర్తుకొచ్చే ఉంటుంది. నాకు రాలేదు. కుండలు చేసే ఇంట్లో కుండను చూసి ఎవరూ ఏదీ గుర్తు చేసుకోరు. మాకు కుండ కుండే. కర్ర కర్రే.

తర్వాత గుడ్డ. ఒక్కో చట్టినీ గుడ్డలో చుట్టాలి. రంగులు నేలకు మంచివి కావని సరోజమ్మ అంది కాబట్టి, మగ్గాలున్న ఊరిలో మా చిన్నమ్మను అడిగి రంగు వేయని ముతక తెల్లగుడ్డ తెప్పించాను. కొత్తగుడ్డ, తెల్లగా మెరిసిపోతూ ఉంది. అట్టపెట్టె ఆ బరువుకు ఆగదు కాబట్టి, ఆత్మకూరు నుంచి వచ్చే వెదురు కొన్నాను. ప్లాస్టిక్ తాడు పనికిరాదు కాబట్టి గడ్డితాడు. ఇంతకీ వెదురుకు గడ్డితాడుతో గట్టిగా కట్టగలిగే మనిషి మా ఊర్లో ఒక్కడే. తిక్కన్న తాత. ఊర్లో ఎవరన్నా పోతే పాడె కట్టేది ఆయనే. కట్టాడంటే కాటిదాకా ముడి కదలదు. ‘అంత గట్టిగా కట్టేవాడు ఇంకెవడు దొరుకుతాడు’ అనే అనుకున్నాను తప్ప, నా బుర్ర అంతకుమించి ఒక్క అడుగు వేయలేదు.

తాత వచ్చి, వెదురు కర్రల చుట్టూ ఒకసారి తిరిగి, కండువా నడుముకు బిగించాడు.

"ఎంత పొడుగుండాలమ్మే?"

"మనిషంత పొడుగు పెట్టు తాతా. చట్లు శానా ఉండాయి."

"ఆడమనిషా, మగమనిషా?"

"చట్లు తాతా!"

"సరేలే, అడిగేది నా పని. తల యాపక్క?"

"చట్లకు తలేంది తాతా? నోరు. నోరు పైకుండాల."

"నోరెప్పుడూ పైకేనమ్మా. ఏ దిక్కుకు పోతాది?"

"కడపకు. అంటే, దక్షిణానికి."

తాత ఒక నిట్టూర్పు విడిచాడు. "దక్షిణానికేలే తల్లీ, అందురూ పొయ్యేది. మోసేవాళ్ళు ఎంతమంది?"

"దించేకాడ నలుగురు కూలోళ్ళను పెడతారంట."

"నలుగురయితే చాలు" అని, నాలుగు మూలలా భుజానికి ఆనేట్టు కర్రల కొసలు బయటికి వదిలాడు. ఎంత ముందుచూపు మనిషి అనుకున్నాను.

మా అత్త ఇంట్లో ఉండి ఉంటే ఒక్క కేక వేసి ఆపేది. ఆమె అప్పుడు మంత్రాలయం పోయి ఉంది. ఇంట్లో ఉన్న పెద్దమనిషిని నేనే. కట్టిన వెదురు మీద చట్లు పేర్చి, సందుల్లో బొరుగులు పోసి, పైన తెల్లగుడ్డ కప్పాక, ఆ పెద్దరికంతో, మొదటి సరుకు కదా అని మూటకంతా పసుపు పూసి, కుంకుమ పెట్టి, పైన ఒక బంతిపూల దండ కూడా వేశాను. ఈరన్న దూరంగా నిలబడి చూశాడు.

"బలే ఉంది గానీ, యాన్నో చూసినట్టుందే."

"మంచిది యాడన్నా చూసినట్టే ఉంటాదిలే."

నెలనెలా అడుగుతారు కదా అని ఈరన్న అప్పుడే రెండో విడత కోసం కుండలు కాల్చే ఆవం పేర్చి నిప్పు పెట్టాడు. అందుకని ఆయన రాలేదు. మూటతో నేనొక్కదాన్నే బయల్దేరాను.

కడప పోయే ఉల్లిగడ్డల బండి ఒకటి దొరికింది. డ్రైవరు మౌలా మంచివాడు. ముందర చోటు లేక నేను వెనక, ఉల్లిగడ్డల బస్తాల మధ్య మూట పక్కన కూర్చున్నాను. దారంతా ఎండ. ఉల్లి ఘాటుకు కళ్ళు ఏకధారగా కారుతూనే ఉన్నాయి. గాలికి జుట్టంతా విడిపోయింది. ఒకచోట టీ కోసం బండి ఆగినప్పుడు మౌలా నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. లోపలుండేది చట్లేనా?"

"చట్లే మౌలా. ఏమప్పా?"

"ఏంలేదు. దావపొడుగునా మనుషులు ఆగి దండం పెడతాండారు. టోలుగేటు కాడ గూడా నన్ను ఆపకుండానే పంపించినారు. అందుకని అడిగినా."

"పసుపు కుంకుమ ఉండాది కదా, దేవుని సరుకనుకుంటాండారేమో!"

మౌలా నన్ను చూశాడు, మూటను చూశాడు, టీ తాగకుండానే బండెక్కాడు.

కడపలో సరోజమ్మ హోటలు ఉన్న వీధి సన్నటిది. ఆ రోజే ప్రారంభం. వాళ్ళింటి ముందు గదుల్లోనే హోటలు. ఆ ఇంటి ముందర షామియానా వేసి, కుర్చీలు వేసి ఉన్నాయి. బండి లోపలికి పోలేదు. కూలోళ్ళు నలుగురు వచ్చి, కర్రల కొసలు చూసి, ఇంకెవరూ చెప్పే పని లేకుండా తలా ఒక మూల భుజానికెత్తుకున్నారు. మూటలో పట్టని చట్టి ఒకటి మిగిలింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, దారి చూపిస్తూ నేను ముందు నడిచాను.

ఇప్పుడు మీరు కళ్ళు మూసుకుని ఒక్కసారి చూడండి. జుట్టు విరబోసుకుని, కళ్ళు వాచి, చేతిలో కొత్తకుండ పట్టుకున్న ఆడమనిషి. వెనకాల వెదురు, తెల్లగుడ్డ, బంతిపూల దండ, నలుగురి భుజాలు. అది చాలదన్నట్టు గుడ్డ మూల ఒకటి విడిపోయి, అడుగడుక్కీ బొరుగులు రాలుతున్నాయి. నేను కడప వీధిలో ఒక శవం తప్ప అన్నీ ఉన్న చావు ఊరేగింపును నడిపిస్తున్నాను. ఆ సంగతి నాకొక్కదానికే తెలీదు.

దర్జీ మిషను ఆగింది. మంగలి అంగట్లో పాట ఆగింది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి చెప్పులు విడిచారు. ఎవరో చిల్లర కూడా విసిరారు. ఒకావిడ పక్కావిడతో అంటున్నది నా చెవిన పడింది.

"ఎవరప్పా పాపం, మొగుడేమో. చూడు, ఆయమ్మే కుండ పట్టుకొచ్చింది. కొడుకులు లేరేమో."

నాకు మనసు కలుక్కుమంది. అయ్యో, ఎవరి మొగుడో అని వెనక్కి తిరిగి చూశాను. వెనక నా చట్లే ఉన్నాయి. ఇంకా అర్థం కాలేదు.

షామియానా కింద సరోజమ్మ మామ ఓబుళయ్య కూర్చున్నాడు. రిబ్బను కత్తిరించేది ఆయనే. ముసలాయన, బాగా బతికిన మనిషి. కొత్త పంచె కట్టించి, మెడలో దండ వేసి కుర్చీలో కూర్చోబెడితే, ఉక్కకు కళ్ళు మూసుకుని తల పక్కకు వాల్చాడు. వీధి చివరి నుంచి ఆయన్నీ మమ్మల్నీ ఒకేసారి చూసిన ఆయన వరస చెల్లెలు ఒకామె అక్కడికక్కడే గుండెలు బాదుకుంది.

"అయ్యో అన్నా! పొద్దున గూడా కాఫీ తాగితివే అన్నా! నాకొక మాట చెప్పకుండా పోతివే అన్నా!"

ఆ ఏడుపుకు ముసలాయన కళ్ళు తెరిచాడు. ఎదురుగా కుండ. కుండ వెనక వెదురు. వెదురు మీద దండ. తన మెడలో దండ.

"ఎవురిదప్పా ఇది?" అన్నాడు.

ముందున్న కూలాయన మర్యాదగా, "ఓబుళయ్యగారి ఇల్లు ఇదే గదా సామీ? ఆయనకే" అన్నాడు.

"నేనింకా బతికే ఉండాను గదరా!" అని ముసలాయన గుండె పట్టుకుని కుర్చీలోంచి జారిపోయాడు.

ఆ తర్వాత జరిగింది నవ్వుతూ రాయలేను. ఆటోలో ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. కూలోళ్ళు మూటను వీధి మధ్యలో దించి, దూరంగా నిలబడ్డారు. భోజనాలకు వచ్చిన చుట్టాలు తలస్నానాలకు ఇళ్ళకు పోయారు. షామియానా కింద నేను, సరోజమ్మ, ఆ మూట మిగిలాము.

"ఏం తెచ్చినావే ఇది?" అంది సరోజమ్మ.

"చట్లే అక్కా. నువ్వు చెప్పినట్టే తెచ్చినా. చూడు, ఒక్క ప్లాస్టిక్ ముక్క గూడా లేదు."

"ఒక్కటన్నా ఉంటే బాగుండ్యా గదమ్మా!"

అప్పటికి నాకు అర్థమైంది. మూట విప్పాను. ఒక్కో చట్టినీ తీసి ఆమె ముందర పెట్టాను. ఒక్క చీలిక లేదు. ఒక్క అంచు చెదరలేదు. సరోజమ్మ ఒకదాన్ని ఎత్తి వేలితో కొట్టింది. గంట మాదిరే మోగింది. ఆమె దాన్ని మెల్లగా కింద పెట్టింది.

"నీ పనితనానికి వంక లేదు నాగమ్మా. కానీ నలుగురు మోసిన చట్లలో కూర వండితే ఎవరు తింటారు?"

గుండెలు బాదుకున్న చెల్లెలు తడిజుట్టుతో తిరిగి వచ్చింది. "ఇవి గడప దాటకూడదు. నాలుగు దావలు కలిసేకాడ పగలగొట్టాల. కుండ పట్టుకుని వచ్చిన మనిషే పగలగొట్టాల. లేకుంటే మా అన్న లెయ్యడు" అంది.

ముసలాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనేం మాట్లాడగలను? కూడలిలో నిలబడి, ఈరన్న చేసిన చట్లను నా చేతులతోనే ఒక్కొక్కటిగా నేలకు కొట్టాను. అంత బందోబస్తుగా అంత దూరం మోసుకొచ్చి. అవి పగిలేటప్పుడు కూడా మంచి చట్లు మోగినట్టే మోగాయి. మౌలా తలకు రుమాలు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. నన్ను ఒంటరిగా వదిలి పోవడం అతనికి బాగనిపించలేదు.

పల్లెకు వచ్చేసరికి ఈరన్న ఆవం దగ్గర ఉన్నాడు. మొహమంతా మసి. ఆ మసిలో నవ్వు.

"ఎన్ని పగిలినాయే?"

"అన్నీ."

"దావలోనా?"

"దావలో ఒకటీ పగల్లేదయ్యా."

చెప్పాను. మొత్తం విని, ఆవంలోకి ఇంకో కట్టె తోశాడు. లోపల రెండో విడత కాలుతూనే ఉంది. సగంలో ఆపడానికి వీల్లేదు కదా.

తిక్కన్న తాతకు సంగతి తెలిసి ఊతకర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఎవరి గుండె ఆగింది, ఎవరి హోటలు ఆగింది, ఏమీ అడగలేదు.

"కట్టు యాడన్నా వదిలిందా?"

"లేదు తాతా."

"మల్లేమి!" అని తృప్తిగా వెళ్ళిపోయాడు.

మంత్రాలయం నుంచి వచ్చిన మా అత్త ప్రసాదం నా చేతిలో పెట్టబోయి, సంగతి విని ఆగిపోయింది. "నేను రెండు దినాలు ఇంట్లో లేకపోతే పీనుగ లేకుండానే పాడె కట్టినారు గదే! ఇంకో దినం ఉండింటే పీనుగను గూడా చూసి పెట్టేవాళ్ళేమో!"

ముసలాయన బతికాడు. నాలుగో రోజో అయిదో రోజో సరోజమ్మే ఫోను చేసి చెప్పింది. ఆ మాట విన్నాక నాకు అన్నం దిగింది. ఇంకో ముహూర్తం చూసి హోటలు తెరిచారట. కూరలు అల్యూమినియం గిన్నెల్లో వండుతున్నారట. చట్ల మాట ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఈరన్న అటక మీది సంచి దించుకున్నాడు. బస్సెక్కే ముందు, బిల్డింగు పని మాత్రం వద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు నిలబెట్టుకున్నాడు. బెంగళూరులో ఏదో పెద్ద గోడౌన్లో చేరాడు. మొదటిసారి ఫోను చేసినప్పుడు నేనే అడిగాను.

"ఏం పని ఇచ్చినారయ్యా?"



"ప్యాకింగు."

"దేంతో?"

"బుడగల షీటు. పైన టేపు. పొద్దన్నుంచీ సందేళ దాకా చుడతానే ఉండా. ఒక్కటీ పగల్దు. చూసినోడు ఎవడూ చెప్పులు ఇడవడు."

ఇద్దరం నవ్వామనే అనుకుంటాను. అటువైపు నుంచి వచ్చింది నవ్వో, ఇంకొకటో, ఫోనులో సరిగ్గా తెలియలేదు. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఇక్కడ సారె మీద మా కోడి గుడ్లు పెడుతోంది.

కాబట్టి ఇది చదివిన మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. నేను ఇక ఈ జన్మలో ఏ సరుకు మూటకట్టినా, దాన్ని ముందుగా మా ఇంటి వాకిట్లో పెట్టి, ఊర్లో అందరికన్నా ముసలాయన్ని పిలిపించి ఎదురుగా కూర్చోబెడతాను. ఆయన దాన్ని చూసి, ఆవులించి, వక్కాకు నములుకుంటూ ఇంటికి పోతేనే అది బండెక్కుతుంది. అట్లా కాక గుండె పట్టుకున్నాడా, ముందు ఆయన్ని ఆసుపత్రికి పంపి, తర్వాత మూట విప్పుతాను.